తొమ్మిది గంట్ల లోతు

బోర్డు మీద పడితే దెబ్బ తగలడం అందరూ చూసిందే. చదివితే దెబ్బ తగలడం మేస్త్రికి ఆ సోమవారమే మొదలు.

చిత్తడి అడవి పార్కు గేటు పక్కన కొత్త బోర్డు నిలబెట్టాలి. దానికి రెండు కాళ్లు పాతడం మేస్త్రి పని. అచ్చు వేసే రేకు ఇంకా రాలేదు గనక, కొలత కోసమని ఆఫీసరమ్మ ఆ రాతంతా నిలువెత్తు కాగితం మీద తీయించి, ప్లైవుడ్ చెక్కకి అంటించి పంపింది. మేస్త్రి టేపు లాగి అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు. కొలిచినవాడు కొలిచి ఊరుకోక చదివాడు. అక్కడొచ్చింది తంటా.

"ఎనభై ఏళ్ల కిందట ఇక్కడ కలప కంపెనీ ఉండేది. చుట్టుకోత పెట్టే పనివారి పనిదొంగతనం వల్ల దుంగలు తేలక మునిగిపోయి కంపెనీ తీవ్రంగా నష్టపోయింది. అయినప్పటికీ విశాల హృదయులైన యజమానిగారు మిగిలిన అడవిని భావితరాల కోసం వదిలిపెట్టారు."

పనివారు అని గౌరవంగా బహువచనం వేశారు గానీ, చుట్టుకోత పెట్టినవాడు ఒక్కడే. మేస్త్రికి తాత, తండ్రికి తండ్రి.

పచ్చి మానుని నీళ్లలో పడేస్తే రాయిలా మునుగుతుంది. అందుకని నరకడానికి ఏడాది ముందే చెట్టు నడుము చుట్టూ బెరడు ఒలిచి, లోపలి పచ్చి చెక్కలోకి గొడ్డలితో గాడి పెడతారు. వేరు పీల్చిన నీరు కొమ్మకి అందదు. చెట్టు నిలబడే చస్తుంది, నిలబడే ఎండుతుంది. మరుసటేడు వరదల్లో కొట్టి పడేస్తే బెండులా తేలుతూ మిల్లుకి చేరుతుంది. చుట్టుకోతంటే అదీ. తాత కోత పెట్టిన చెట్లు కొన్ని చచ్చినట్టు చావాల్సింది పోయి చావకుండా నిలిచాయి. వాటిని కొడితే తేలలేదు. దుంగ మునిగింది, కంపెనీ మునిగింది, తాత ఉద్యోగం మునిగింది. తేలింది ఒక్కటే, ఆ ఇంటికి 'మునకోళ్లు' అనే పేరు.

మేస్త్రి తిన్నగా ఆఫీసుకి నడిచాడు.

"మేడమ్, రాతలో ఒక మాట తప్పుంది."

"ఎక్కడ? దీర్ఘం పోయిందా?" అంది ఆఫీసరమ్మ కళ్లజోడు సర్దుకుంటూ.

"దీర్ఘం కాదు మేడమ్, దారుణం. పనిదొంగ అని వేశారు."

ఆమె బీరువా తీసి, చెదలు సగం చదివేసిన కంపెనీ హాజరు పుస్తకం బల్ల మీద పరిచింది. ఒక వరుస మీద వేలు పెట్టింది. 'చుట్టుకోత పనివాడు. పనిదొంగ. రేపటి నుంచి రానక్కర్లేదు.'

"ఆ పనివాడు మా తాత మేడమ్."

ఆఫీసరమ్మ వేలు తీసేసింది, అక్షరం కాలినట్టు. వయసులో చిన్నదే గానీ ఆమె మనిషి మంచిది. "నాకు తెలీదు మేస్త్రిగారూ. తెలిస్తే ముందే మిమ్మల్ని అడిగేదాన్ని. కానీ ఉన్నది రాశాను. లేనిది ఎలా రాయను చెప్పండి? ఏదైనా ఆధారం చూపించండి, మార్చేస్తాను. శుక్రవారం అచ్చుకి వెళ్తుంది. ఆదివారం యజమానిగారి మనవడు వస్తున్నాడు ఓపెనింగుకి."

"ఆధారమంటే?"

"కాగితమో, ఫొటోనో..."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని మేస్త్రి చూశాడు. కొట్టకుండా వదిలిన చెట్టు పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మాత్రం కొత్త. గొడ్డలి పట్టిన చేతికి కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? "సరే మేడమ్" అని వచ్చేసి, ఆ పూటకి బోర్డు కాళ్లకి గోతులు తవ్వాడు. రెండడుగులు చాలు, నాలుగడుగులు తవ్వాడు. కోపం పట్టాలిగా!

మేస్త్రి ఇరవై రెండేళ్లుగా ఆ అడవిలో చెక్కబాట వేస్తున్నాడు. గేటు దగ్గర మొదలై, మెరకల మీదుగా, మడుగుల మీదుగా పాములా మెలికలు తిరిగి పోయే బాట అది. ఆయన పలకల సందులో చిన్నపిల్ల వేలు కూడా దూరదు. "మేస్త్రీ, బాట వేశావా, పడవ కట్టావా?" అని పర్యాటకులు హాస్యమాడేవారు. గుంజ పాతినప్పుడల్లా దాని తల మీద ఉలితో గంట్లు పెడతాడు. గట్టి నేల తగలడానికి ఎన్నడుగులు దిగితే అన్ని గంట్లు. పదేళ్ల తర్వాత ఆ గుంజ కుళ్లితే, కొత్తది ఎంత పొడవు కోయాలో గంట్లు చూస్తే చాలు. "గంట కొట్టినట్టు చెబుతాయి నా గంట్లు" అనేవాడు. బాట మీద ఎవరైనా ఆగి, "ఇక్కడి చెట్లు ఇంత లావేంటండీ?" అని అడిగితే దానికీ జవాబు తయారే. "లోతు నీళ్లు సార్. ఎక్కువ తాగినవాడు లావెక్కడూ?"

ఇంకొకటుంది. నీళ్ల మీద పనంటే నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస దూలానికి కట్టందే మేస్త్రి సుత్తి ఎత్తడు. ఎవరైనా నవ్వితే "రూలండీ" అంటాడు. ఆ తాడు మేనత్త పేనిందే. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఏటేటా కొత్త తాడు పేని ఇస్తుంది.

ఆ సాయంత్రం కూడా గుమ్మంలో కూర్చుని, కాలి బొటనవేలికి నార తగిలించి పేనుతోంది.

"ఏరా, బోర్డొచ్చిందటగా. అందులో మా నాన్న ఊసుందా?"

"ఉంది అత్తా. పేరు లేదు."

"పేరు లేకపోతే పోనీ. ఏమని రాశారు?"

మేస్త్రి నీళ్లు నమిలాడు. చిత్తడిలో పనిచేసేవాడికి నీళ్లకి కరువా! "నేను కొలతలే చూశాను" అన్నాడు.

"అబద్ధం చెప్పేటప్పుడు మీ నాన్నా ఇలాగే చెవి గోక్కునేవాడు" అని మేనత్త తాడు బిగించి లాగింది. "పనిదొంగ అనే కదూ? నాకు నాలుగేళ్లప్పుడు ఆ మాట మా గుమ్మం ముందు నిలబడి అన్నారు. ఆ మనిషి పొద్దు పొడవకముందే గొడ్డలి నూరేవాడురా. ఆ చప్పుడుకే నేను నిద్ర లేచేదాన్ని. పనిదొంగట! దొంగకి గొడ్డలి నూరే ఓపికుంటుందా?"

మేస్త్రి చెవి మీంచి చెయ్యి తీశాడు. శుక్రవారంలోగా ఆ మాట పోవాలి. ఎలా పోతుందో మాత్రం తెలీదు.

మంగళవారం తెల్లవారేసరికి గాలి ఒకటి వీచి పోయింది. మూడో మలుపు దగ్గర మహావృక్షం ఒకటి వేళ్లతో సహా లేచి, చెక్కబాటకి అడ్డంగా పడింది. బాట నాలుగు దూలాల మేర నుజ్జయింది. పడిన మాను ఎంత లావంటే, ఇవతల మేస్త్రి నిలబడితే అవతల ఆయన బామ్మర్ది కనబడలేదు. వినబడ్డాడు. ఆయన కనబడకపోవడం ఉంటుంది గానీ వినబడకపోవడం ఉండదు. పార్కులో మోటారు రంపం ఆయన చేతిలోనే ఉంటుంది గనక అందరూ 'రంపం' అంటారు. నోరు విన్నాక ఆ పేరు చేతికి పెట్టింది కాదని తెలుస్తుంది.

"బావా, తాడు కట్టుకున్నావా? దూడ తప్పిపోతుందేమోనని నాకు ఒకటే బెంగ!"

"రూలురా."

"ఏ పుస్తకంలో రూలు బావా, మీ మేనత్త పుస్తకంలోనా?"

"నోటి రంపం ఆపి చేతి రంపం వెయ్యి."

వేరు మొదలుకి నడుమెత్తు దూరంలో, మాను బాట మీదికి వాలినచోట కోత మొదలుపెట్టారు. తడి మాను రంపాన్ని పట్టేస్తుంది. జానెడు కోయడం, సందులో చెక్క చీల దిగ్గొట్టడం, మళ్లీ జానెడు కోయడం. అవతలి వైపు తిరిగి మళ్లీ అదే. రెండు గంటలకి దుంగ మూలుగుతూ విడింది. దొర్లించారు. మేస్త్రి అలవాటుగా తడిగుడ్డతో కోత ముఖం తుడిచాడు. పొట్టు పోయాక వలయాలు వరుసగా తేలాయి.

"ఇదేంటి బావా, చెట్టు లోపల గీత గీసిందెవరు?" అన్నాడు రంపం. మొదటిసారి గొంతు తగ్గింది.

బెరడుకి మూరెడు లోపల నల్లటి గీత. మానుని చుట్టి వస్తోంది. గీతకి లోపల నాలుగు వేళ్ల లోతున చెక్క ముక్కలు ముక్కలుగా తెగి ఉంది, గొడ్డలి దెబ్బల వరుస. దాని మీద నుంచి చెట్టు ఏటికొక పొర కప్పుకుంటూ వచ్చింది. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని, మేకు మొనతో బయటి నుంచి లోపలికి లెక్కపెట్టాడు. మధ్యలో రంపం ఏదో అడగబోతే చెయ్యి చూపించి ఆపాడు. ఎనభై ఒకటి.

"చుట్టుకోత" అన్నాడు.

"మరి చావలేదేం?"

మేస్త్రి వేలు గీత వెంట నడిచింది. ఒక చోట గీత ఆగింది. మళ్లీ రెండు జానల అవతల మొదలైంది. విరిగిన గాజులా ఉంది. ఆ రెండు జానల మేర వలయాలు చెక్కుచెదరకుండా లోపలి నుంచి బయటి దాకా ఉన్నాయి. అక్కడ బెరడు ఒలవలేదు, దెబ్బ పడలేదు. ఆ సందులోంచే నీరు పైకెక్కింది, చెట్టు బతికింది. గాయం మానింది. మానే దాని పేరు మాను అయినప్పుడు మానక ఏం చేస్తుంది!

"దెబ్బ చూడరా" అన్నాడు మేస్త్రి. "ఒకదాని పక్కన ఒకటి ఎంత సమంగా పడిందో. దీన్ని పనిదొంగ చేశాడంటావా?"

"దొంగ కాదు బావా, దొర. ఇలాంటి చెయ్యి నాకుంటే రంపం అమ్మేసేవాణ్ణి."

కోత లేని వైపు ఏదో తెలుసుకోవడానికి కూకటివేళ్ల గుంట చూస్తే సరిపోయింది. మానుకి ఒక పక్క మెరక, ఒక పక్క మడుగు. వదిలింది మడుగు వైపు.

మధ్యాహ్నానికి ఆఫీసరమ్మ గొడుగుతో వచ్చింది. చూసింది. గొడుగు అక్కడే వదిలేసి ఫోనుతో పాతిక ఫొటోలు తీసింది.

"మేస్త్రిగారూ, మీకర్థమవుతోందా? పర్యవేక్షకుడు మెరక మీద నిలబడి చూస్తాడు. ఆయనకి కనబడని వైపు మీ తాతగారు బెరడు వదిలారు. కావాలనే! చెట్టుని చంపమంటే చంపినట్టు నటించి బతికించారు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా!" ఆమె ఫోను దించి మానుని చేత్తో తాకింది. "ఈ అడవిని కాపాడింది యజమాని కాదు. మీ తాతగారు."

మునకోళ్లవాణ్ణి అలా మునగచెట్టెక్కించారు. ఎక్కించుకోవడానికి మేస్త్రి కూడా పెద్దగా మొరాయించలేదు. ఎనభై ఏళ్లుగా కింద కూర్చున్న వంశం, ఒక్కపూట కొమ్మ మీద కూర్చుంటే ఎవరి సొమ్ము పోయింది? ఒక్క సంగతి మాత్రం గొంతులో పొట్టులా ఉండిపోయింది. విరిగిన గాజుకి రెండు కొసలున్నాయి చూడండి, ఆ కొసల దగ్గర గాడి లోతు తగ్గుతూ వచ్చింది. మెరక వైపు నాలుగు వేళ్లు, పక్కల్లో మూడు, కొసకి వచ్చేసరికి గోరంత. కావాలని ఆపినవాడి దెబ్బ అలా సన్నబడదు, ఉన్నట్టుండి ఆగుతుంది. మేస్త్రి చెయ్యి ఆ సంగతి పసిగట్టింది. మేస్త్రి బుర్ర మాత్రం, వీరుడి మనవణ్ణి కదా, వినిపించుకోలేదు.

బుధవారం కొత్త రాత తయారైంది. 'అడవి కోసం జీవనోపాధిని పణంగా పెట్టిన అజ్ఞాత వీరుడు' అని మొదటి వాక్యం. ఆ కాగితం జేబులో పెట్టుకుని సాయంత్రం ఇంటికెళ్లి మేనత్తకి చదివి వినిపించాడు. ఆమె తాడు పక్కన పెట్టి విన్నది. రెండోసారి చదవమంది. పమిట కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది.

"వీరుడట! మా అమ్మ వినుంటే పొట్ట పట్టుకునేది."

"ఏం అత్తా?"

"ఆయనకి చెంబు నీళ్లంటే కూడా భయంరా. మోకాలి లోతు దాటితే అడుగెయ్యడు. కంపెనీ పాకల నుంచి ఇంటికి రావాలంటే మధ్యలో బురద కాలవ ఒకటుండేది. మా అమ్మ వెళ్లి వీపు మీద మోసుకొచ్చేది. అంత మగాడు, భుజాన గొడ్డలి, కళ్లు గట్టిగా మూసుకుని మా అమ్మ మెడ పట్టుకుని! నేను ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టేదాన్ని. 'ఎవరికీ చెప్పకమ్మా' అనేవాడు. ఎనభై ఏళ్లు చెప్పలేదు. ఇవాళ నీకు చెప్పా." మేనత్త నవ్వు ఆగింది. తాడు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అందుకే కదరా నీకిది పేనేది. మీ నాన్నకీ ఈత రాలేదు, నీకూ రాదు. మన రక్తంలోనే నీటిచుక్క లేదు."

మేస్త్రి మునగచెట్టు కొమ్మ పుటుక్కుమంది. మునగచెట్టు కొమ్మ పెళుసని సామెతలు చెప్పేవాళ్లందరికీ తెలుసు. ఎక్కినవాడికే గుర్తుండదు.

గురువారం పొద్దున్నే విరిగిన బాట దగ్గర గుంజలు పాతుతున్నారు. మూడు కర్రల కొయ్య నిలబెట్టి, గిలక మీంచి ఇనుప బరువు లాగి వదలడం. దభీమని పడినప్పుడల్లా గుంజ కొంచెం దిగుతుంది. మెరక పక్కది రెండడుగులకే గట్టి నేల తగిలింది. తర్వాతది నాలుగు. కూలిన చెట్టు గుంట దగ్గరది దిగుతూనే ఉంది.

"దీనికి అడుగు లేదా బావా? అవతలి దేశంలో ఎవరి నెత్తి మీదైనా తేలుతుందేమో చూడు!"

తొమ్మిదడుగుల దగ్గర ఆగింది. మేస్త్రి నడుము తాడు సరిచూసుకుని, ఉలి తీసి గుంజ తల మీద గంట్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. తొమ్మిదో గంటు పెడుతూ తలెత్తాడు. ఎదురుగా తల పైకెత్తితే టోపీ జారిపోయేంత చెట్టు. దాని పక్కన పాత గుంజ. దాని మీదా తొమ్మిదే.

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. లేచి బాట వెంట వెనక్కి నడిచాడు. నడుము తాడు ఆపేదాకా నడిచి, వెనక్కొచ్చి దూలం కొస విప్పుకుని మళ్లీ నడిచాడు. రెండు గంట్ల గుంజ దగ్గర తొడంత లావు కుర్రచెట్లు, ముప్పై నలభై ఏళ్లవి. మూడు గంట్ల దగ్గరా అంతే. ఆరు గంట్ల నుంచి పెద్దవి మొదలు. ఎనిమిది, తొమ్మిది... ఎక్కడ తొమ్మిదుంటే అక్కడ మహావృక్షం. ఇరవై రెండేళ్లు తన చేత్తో తానే గంటు గంటుగా రాసుకున్న సంగతి ఇది. చదవడం ఇప్పుడు వచ్చింది.

నీరెక్కువ తాగి లావెక్కడమేమిటి, నా మొహం! ఎన్ని వేలమందికి చెప్పాడు ఆ మాట!

"ఒరేయ్, నాతో రా."

ఇద్దరూ బాట దిగి మెరక మీదుగా చుట్టు తిరిగి, ఇంకా నిలబడి ఉన్న ఒక పెద్ద చెట్టు వెనక్కి వెళ్లారు. మెరక వైపు నుంచి దాన్ని ఎవరూ చూసింది లేదు. బాట మడుగు మీద వేశారు, జనం మడుగు వైపు నుంచే చూస్తారు. వెనక్కి వెళితే నడుమెత్తున బెరడు పెదవిలా ఉబ్బి ముడత పడి ఉంది. మేస్త్రి మెరక అంచున నిలబడి మానుకి ఛాతీ ఆనించి, ఎడంవైపు చెయ్యి చాచాడు. ముడత ఆయన వేళ్ల కొసకి మూరెడు అవతల ఆగింది. కుడివైపు చాచాడు. అంతే. గొడ్డలి కామ ఉన్నంత మేర. అవతల నీళ్లు.

మెరక మీద, చుట్టూ తిరగడానికి వీలున్న చోట, తాత పని పూర్తిగా చేశాడు. అవన్నీ చచ్చాయి, ఎండాయి, తేలాయి, పోయాయి. ఒడ్డున ఉన్నవాటికి చెయ్యి అందినంత వరకు చేశాడు, అవి బతికాయి. కంపెనీ వాటిలో కొన్ని కొట్టి ముంచుకుంది, విసిగి వెళ్లిపోయింది. మడుగు నడుమ ఉన్నవాటి దగ్గరికి అసలు వెళ్లనే లేదు. ఆయన నడిచిన మేరా ఆనాటి చెట్లు లేవు. ఆగిన మేరా ఉన్నాయి.

"బావా" అన్నాడు రంపం మెల్లిగా, "ఇది నీకూ నాకే తెలుసు. వీరుడుగానే ఉండనీ. నా నోరు నేను మూసుకుంటా."

రంపం నోరు మూసుకుంటానన్నాడంటే అది సామాన్యమైన త్యాగం కాదు. మేస్త్రి బామ్మర్ది భుజం తట్టాడు. తర్వాత ఇంటికెళ్లాడు. పని వేళలో ఇంటికెళ్లడం ఇరవై రెండేళ్లలో అదే మొదలు.

మేనత్త అంతా విన్నది. చివర్న అడిగింది.

"అయితే చేతనైనంత మేర చేశాడంటావు."

"పక్కాగా చేశాడత్తా. అందినంత మేర నాలుగు వేళ్ల లోతు. అందని చోట కూడా ఒంగి, సాగి, గోరంతైనా పెట్టాడు. దిగడం ఒక్కటే చేతకాలేదు."

"పనిదొంగ కాదు."

"కాదు."

"వీరుడూ కాదు."

మేస్త్రి జేబులోంచి ఆ కొత్త రాత కాగితం తీసి మడత విప్పాడు.

"ఆ వీరుడెవడో నాకు తెలీదురా" అంది మేనత్త. "మా అమ్మ వీపు మీద కళ్లు మూసుకున్నవాడే నాకు నాన్న. బోర్డు మీద ఇంకొకణ్ణి నిలబెడితే, ఈయన్ని మళ్లీ పనిలోంచి తీసేసినట్టే కదా!"

ఆఫీసరమ్మ మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీసేసింది.

"మేస్త్రిగారూ, కావాలని వదిలినా వెనక వైపే వదులుతారు కదా. మీరెందుకు భయమే అనుకోవాలి?"

"కావాలనుకున్నవాడు మెరక మీద ఒక్క చెట్టైనా వదలడా మేడమ్? ఒక్కటి లేదు. కావాలనుకున్నవాడు ఇంత లావుకీ అంత లావుకీ ఒకే కొలత వదులుతాడు. ఇక్కడ మాను లావైన కొద్దీ వదిలింది పెరిగింది. చెయ్యి పొడవు పెరగదుగా!"

"మరి పర్యవేక్షకుడు వెనక్కెళ్లి చూసుకోలేదా?"

"చూడాలంటే ఆయనా దిగాలి మేడమ్. ఆయనకి వచ్చో రాదో ఈత!"

ఆమెకి నవ్వు రాబోయి ఆగింది. "ఇది మీకెందుకు మేస్త్రిగారూ? ఎవరూ అడగరు. మీ తాతగారు వీరుడిగా ఉంటారు. మీ ఇంటికి ఆ పేరు పోతుంది. భయస్తుడు అని రాయించుకుంటారా చేజేతులా?"

మేస్త్రి నడుముకి వేలాడుతున్న తాడు కొస వేళ్లతో తిప్పాడు. ఇల్లు దాటి, పార్కు దాటి, ఆఫీసు దాకా విప్పడం మర్చిపోయి వచ్చేశాడు.

"ఈ తాడు ఎందుకో తెలుసా మేడమ్?"

"రూలు అన్నారుగా. నేనూ పై ఆఫీసుకి అలాగే రాశాను." ఆమె బీరువా వైపు చూసింది. "నిజానికి ఆ రూలు ఎక్కడుందా అని వెతికాను. దొరకలేదు."

"ఎక్కడా లేదు మేడమ్. నాకు ఈత రాదు."

ఇరవై రెండేళ్లుగా నీళ్ల మీద బతికినవాడు ఆ మాట గోడకి కాదు, మనిషికి చెప్పడం అదే మొదలు. చెవి గోక్కోలేదు.

"పలకల సందు బిగించేదీ అందుకే. కింద నీళ్లు కనబడితే నాకు కాళ్లాడవు. పర్యాటకులు బాట బాగుందంటారు. నా భయం బాగుందని నాకు తెలుసు." తాడు కొస బల్ల మీద పెట్టాడు. "మా తాతకి వీరత్వం కడితే, రేపు ఆ బోర్డు పక్కన నిలబడి నేనే అబద్ధమైపోతాను. భయం అనే రాయండి. పని మాత్రం బాగా చేసేవాడని రాయండి. అది ఆధారంతో సహా ఉంది."

ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకుని, కాగితం మీద మొదటి వాక్యం కొట్టేసింది. పెన్ను ఆయన వైపు తిప్పింది.

"మీరు చెప్పండి. నేను రాస్తా."

ఆదివారం గాలి లేదు. మేస్త్రి పాతిన కాళ్ల మీద రేకు బోర్డు నిలబడింది. నాలుగడుగుల గోతులు కదా, ఏనుగొచ్చి గోక్కున్నా కదలదు. యజమానిగారి మనవడు తెల్లచొక్కాతో వచ్చాడు. ముసుగు తీశాడు. చప్పట్లకి సిద్ధంగా చేతులెత్తినవాళ్లంతా చదువుతూ, ఎత్తిన చేతులు అలాగే మర్చిపోయారు.

"ఈ చెట్లను చంపే పని ఒక మనిషికి అప్పగించారు. ఆయన పని బాగా చేసేవాడు. ఆయనకి ఈత రాదు. నీళ్లు లోతుగా ఉన్న చోట దిగలేకపోయాడు. అక్కడి చెట్లు చావలేదు, కొట్టిన దుంగలు తేలలేదు, యజమాని అడవిని వదిలి వెళ్లారు. ఆయన దిగని చోటే మీరిప్పుడు చూడబోయే అడవి."

మనవడు రెండుసార్లు చదివాడు. ఆయన మేస్త్రి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "బాట గట్టిదేనా అండీ? నాకూ రాదు" అన్నాడు.

"మీరు నడవండి సార్. వేలు కూడా దూరదు."

మేనత్త చక్రాల కుర్చీ వద్దంది. మేస్త్రి చెయ్యి పట్టుకుని, నాలుగు పలకలకొకసారి ఆగుతూ మూడో మలుపు దాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఇంత లోపలికి రావడం ఇదే మొదలు. కూలిన మాను ముక్క ఒకటి బాట పక్కన నిలబెట్టి ఉంది. విరిగిన గాజు వెంట వేలితో ఒక చుట్టు తిరిగింది. లోతుగా ఉన్న చోట ఆగింది. పొద్దున్నే గొడ్డలి నూరే చప్పుడు వినబడుతున్నట్టు తల కొంచెం పక్కకి వంచింది. ఆ తర్వాత ఎదుటి మహావృక్షం దగ్గరికి నడిచింది.

"ఇక్కడ ఎంతరా లోతు?"

మేస్త్రి గుంజ తల చూపించాడు. మేనత్త ఒక్కో గంటూ తడుముతూ లెక్కపెట్టింది.

"తొమ్మిది! అమ్మో!" రెండో చేత్తో రెయిలింగు బిగించి పట్టుకుంది. "ఇక్కడికి ఆ మనిషి దిగేదేమిటి, నేనైనా దిగను."

కింద నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఆకొకటి పడి, అలాగే నిలబడింది. మేనత్త రెయిలింగు వదలకుండా ముందుకి ఒంగింది. మేస్త్రి వెనక నుంచి ఆమె నడుము పట్టుకున్నాడు. ఆమె ఒంగి, సాగి, చెయ్యి చాచి మాను మీద పెట్టింది. బాట వైపు, నీళ్ల వైపు, గాటు లేని వైపు. బెరడు గరుగ్గా, చల్లగా, ఎప్పుడూ ఎవరూ తాకనట్టు ఉంది.

"అందిందిరా" అంది.

తర్వాత చెయ్యి తీసి పమిటకి తుడుచుకుని మేస్త్రి నడుము వైపు చూసింది. ఇవాళ తాడు లేదు.

"తాడేదిరా?"

"ఆదివారం కదత్తా. పనిలేదుగా."

"లేకపోతే మాత్రం? నీళ్లకి ఆదివారముంటుందా?" అని మేనత్త ఆయన చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "పద, ముందు గట్టుకి పద."